అవ్వ ఇప్పుడు ఎవరి వంతులో ఉంది?

రెండో విడత సర్వే మొదలయ్యాక ఫీల్డ్ నుంచి వచ్చే కోడ్‌లలో నేను ముందు వెతికేది "ఈ ఇంట్లో లేరు" అన్న కోడ్‌ని. చనిపోయినవాళ్లకు వేరే కోడ్ ఉంది. వద్దన్నవాళ్లకు, తాళం వేసిన ఇళ్లకు కూడా వేరువేరుగా ఉన్నాయి. ఈ కోడ్ పడినవాళ్లు మాత్రం బతికే ఉన్నారు, మాతో మాట్లాడనని కూడా అనలేదు. ఎక్కడో ఉన్నారు, అంతే. మనం పట్టించుకోకపోతే చప్పుడు లేకుండా జాబితాలోంచి జారిపోతారు.

బెంగళూరులోని తెలుగు కుటుంబాల్లో పెద్దవాళ్లను కొన్నేళ్లకోసారి మళ్లీ కలుస్తూ, వాళ్ల ఒంటి ఆరోగ్యం, జ్ఞాపకశక్తి, మనసు, రోజువారీ జీవితం ఎలా మారుతున్నాయో నమోదు చేసే ఒక చిన్న అధ్యయనంలో తెలుగు బృందానికి నేను సూపర్‌వైజర్‌ని. ఈ కేసు ఆ కోడ్ పడిన ఒక అవ్వది. ఎవరూ గుర్తుపట్టకుండా ఊరు, కుటుంబ వివరాలు కొన్ని మార్చాను. పని జరిగిన తీరు మార్చలేదు.

అదే మనిషి దగ్గరికి మళ్లీ ఎందుకు

ఒక్కసారి చేసి వదిలేసే సర్వేలో అరవై ఏళ్లవాళ్లు ఎంత వేగంగా నడుస్తారో, ఎనభై ఏళ్లవాళ్లు ఎంత మెల్లగా నడుస్తారో తెలుస్తుంది. ఫలానా మనిషి నడక ఎప్పుడు తగ్గింది, దేని తర్వాత తగ్గింది అన్నది తెలియాలంటే అదే మనిషి దగ్గరికి మళ్లీ వెళ్లాలి. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయం 1992లో మొదలుపెట్టిన హెల్త్ అండ్ రిటైర్‌మెంట్ స్టడీ రెండేళ్లకోసారి ఈ పనే చేస్తోంది. ఇంగ్లండ్‌లో 2002 నుంచి ఇలాంటిదే నడుస్తోంది. మన దేశానికి లాసి (లాంగిట్యూడినల్ ఏజింగ్ స్టడీ ఇన్ ఇండియా) ఉంది. ముంబయిలోని అంతర్జాతీయ జనాభా అధ్యయన సంస్థ, హార్వర్డ్, సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాలతో కలిసి 2017-18లో మొదటి విడత చేసింది. 45 ఏళ్లు దాటినవాళ్లు, వాళ్ల భార్యాభర్తలు కలిపి 72,250 మందిని పలకరించారు.

బెంగళూరు తెలుగువాళ్లకు ఇంకా దగ్గరిది శ్రీనివాసపురలో జరుగుతున్న అధ్యయనం. భారతీయ విజ్ఞాన సంస్థ ఆవరణలోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్, కోలారు జిల్లాలోని ఆ తాలూకా పల్లెల్లో 45 దాటినవాళ్లను 10,000 మందిని లక్ష్యంగా పెట్టుకుని వాళ్ల మెదడు ఆరోగ్యాన్ని గమనిస్తోంది. బెంగళూరు నగరంలో 1,000 మందితో దానికి జోడీ అధ్యయనం ఒకటి ఉంది. శ్రీనివాసపుర, చింతామణి, ముళబాగిలు వైపు పల్లెల్లో ఇంట్లో తెలుగు, సంతలో కన్నడ. మా బృందం కలిసే కుటుంబాల్లో చాలామటుకు ఆ వైపు నుంచో, మదనపల్లె నుంచో వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్లే.

మా అధ్యయనం వీటిలో దేనిలోనూ భాగం కాదు. మా అడిగే పద్ధతి మాత్రం లాసి బాటలోనే ఉంటుంది. బీపీ మూడుసార్లు చూస్తాం. డైనమోమీటర్‌తో పిడికిలి పట్టు కొలుస్తాం. 4 మీటర్లు నడిపిస్తాం. పది మాటలు చదివి వినిపించి వెంటనే ఒకసారి, కాసేపాగి మరోసారి గుర్తున్నవి చెప్పమంటాం. గడిచిన వారం మనసు ఎలా ఉందో అడుగుతాం. స్నానం, బట్టలు కట్టుకోవడం, మంచం దిగడం లాంటి పనుల్లో ఎవరి సాయమైనా కావాల్సి వస్తోందా అని అడుగుతాం.

మొదటి విడతలో

అప్పుడు అవ్వ కేఆర్ పురం వైపు పెద్దకొడుకు ఇంట్లో, రెండో అంతస్తులో ఉండేది. డెబ్భై దాటింది. భర్త పోయి చాలా ఏళ్లయింది. బీపీకి మాత్ర వేసుకునేది. పిడికిలి పట్టు 19 కిలోలు వచ్చింది. ఆసియా నిపుణుల బృందం 2019లో పెట్టిన గీత ప్రకారం స్త్రీలకు 18 కన్నా తక్కువైతే కండ బలం తగ్గినట్టు, కాబట్టి గీతకు కాస్త పైనే ఉంది. 4 మీటర్లు నాలుగున్నర సెకన్లలో నడిచింది. పది మాటల్లో వెంటనే అయిదు, కాసేపాగి నాలుగు చెప్పింది. బడికి వెళ్లని మనిషికి ఇది మంచి సంఖ్యే. సాయంత్రం వీధి చివర గుడి దగ్గర మదనపల్లె వైపు ఆడవాళ్లతో కూర్చుంటానని చెప్పింది. ఫైల్ మూసేటప్పుడు ఎలాంటి గుర్తూ పెట్టాల్సిన పని పడలేదు.

"నన్నడగండి సార్, నేను చెప్తా"

రెండో విడతలో మా బృందంలోని అమ్మాయి వెళ్లేసరికి కోడలు తలుపు తీసి, అత్తమ్మ ఊరికి పోయిందని చెప్పింది. పెద్దకొడుకుకు నేనే ఫోన్ చేశాను. మర్యాదగానే మాట్లాడాడు. "అమ్మ తమ్ముడి దగ్గరుంది సార్. ఇప్పుడు వాడి వంతు. ఆరోగ్యం బాగుంది. అంత దూరం మీరెందుకు పోతారు, నన్నడగండి, నేను చెప్తా."

ఇక్కడ చాలా బృందాలకు మూడు దారులుంటాయి. దొరకలేదని రాసేయొచ్చు, కొడుకుతో ప్రాక్సీ ఇంటర్వ్యూ, అంటే ఆమె బదులు అతన్ని అడగడం, చేయొచ్చు, లేకపోతే వెతుక్కుంటూ వెళ్లొచ్చు. మొదటి రెండూ నియమాలకు విరుద్ధం అనిపించవు, ఖర్చూ తక్కువే. అయినా ప్రాక్సీ విషయంలో నేను గట్టిగా ఉంటాను. మనిషికి మాట పడిపోయినప్పుడు, మతిమరుపు బాగా ముదిరినప్పుడు, ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఆమె తరఫున మరొకరు చెప్పాలి, తప్పదు. అలాంటివాళ్లను వదిలేస్తే జబ్బు ముదిరినవాళ్లే లెక్కలోంచి పోతారు. అందుకే పెద్ద అధ్యయనాలన్నీ ప్రాక్సీకి చోటిస్తాయి, మనిషి పోయాక చివరి రోజుల గురించి ఇంట్లోవాళ్లతో మాట్లాడే ఇంటర్వ్యూ కూడా పెట్టుకుంటాయి. మనిషి మాట్లాడగలిగి ఉండగా దూరమని చెప్పి కొడుకును అడగడం వేరు. ఆస్పత్రిలో చేరిందా, మందులకు ఎంతైంది, ఆపరేషన్ జరిగిందా అన్నవి కొడుకు చెప్పగలడు. పది మాటల్లో ఎన్ని గుర్తున్నాయో చెప్పలేడు. గడిచిన వారం ఒంటరిగా అనిపించిందా అన్న ప్రశ్నకు అతను చెప్పేది తల్లి జవాబు కాదు, తల్లి గురించి తన కోరిక.

నమూనా కోసం ఫోన్‌లోనే ఒక ప్రశ్న అడిగాను, మొన్నటిసారి మేం వచ్చి వెళ్లాక అమ్మ ఎక్కడైనా పడ్డారా అని. "లేదు సార్. బాత్రూమ్‌లో ఒకసారి కాలు జారింది, అంతే."

ఆ "అంతే" దగ్గర నేను ఆగాను. కాలు జారింది ఎప్పుడని అడిగితే దీపావళి ముందన్నాడు. ఊరికి ఎప్పుడు పంపారంటే దీపావళి అయ్యాక అన్నాడు.

వెతకడం

మొదటి విడత కాంటాక్ట్ షీట్‌లో ఆ ఇంట్లో ఉండని దగ్గరివాళ్ల ఫోన్ నంబర్లు తీసుకుంటాం. చాలాచోట్ల అక్కడ రెండో కొడుకు పేరు రాయిస్తారు. ఈ పని చేస్తూ నాకు కుదిరిన నమ్మకం ఒకటుంది. తల్లి ఎక్కడుందో, ఎట్లుందో కూతురికి తెలుస్తుంది. వంతులు కొడుకుల మధ్య జరుగుతాయి, వార్తలు కూతురి దగ్గర చేరతాయి. చింతామణిలో ఉన్న కూతురే ఊరు, ఇల్లు, వెళ్లాల్సిన వేళ అన్నీ చెప్పింది. "మామిడికాయ కోతలప్పుడు పోవద్దన్నా, ఇంట్లో ఒక్కరూ ఉండరు. పొద్దున్నే పోండి. సాయంత్రమైతే అమ్మకు ఓపికుండదు."

ఫోన్ నంబర్లు మారిపోయినప్పుడు పనికొచ్చేవి ఇంకొన్ని ఉన్నాయి. కర్ణాటక ప్రభుత్వం పెద్దవాళ్లకిచ్చే సంధ్యా సురక్ష పింఛను ఏ ఊరి ఖాతాలో పడుతుంది? రేషన్ కార్డు ఎక్కడుంది? బీపీ మాత్రలు ఏ మెడికల్ షాపులో తీసుకుంటారు? ఏ జాతరకు తప్పకుండా ఊరికి పోతారు? బెంగళూరు చిరునామా మారినా ఈ నాలుగూ అంత త్వరగా మారవు. కొడుకు అపార్ట్‌మెంట్ మారొచ్చు, అవ్వ పింఛను మాత్రం పుట్టింటి పక్క ఊళ్లోనో, మెట్టినూరిలోనో పడుతుంది.

పల్లెలో

ఇల్లు కింది అంతస్తే, ముందు అరుగు ఉంది. మా బృందం తరఫున వెళ్లిన అమ్మాయిది ముళబాగిలు వైపు. ఆమెకు ఈ మాట, ఈ ఇళ్లు కొత్త కావు. పని కుదరక మొదటి భేటీ మధ్యాహ్నం దాటాక జరిగింది. టీవీ నడుస్తోంది. చిన్నకోడలు పక్కనే కూర్చుని, అవ్వ నోరు తెరిచేలోపే జవాబులు చెప్పేస్తోంది. అందులో ఆమె చెడ్డతనం లేదు. ఇంటికొచ్చినవాళ్ల పని తొందరగా ముగియాలని, అత్తకు కష్టం కాకూడదని ఆమె ఆలోచన.

పది మాటల పరీక్షలో అవ్వ రెండే చెప్పింది. కాసేపాగాక ఒక్కటే.

అయిదు నుంచి రెండుకు. ఆఫీసులో కూర్చుని ఈ సంఖ్యలను మాత్రమే చూసేవాళ్లకు ఇది జ్ఞాపకశక్తి గట్టిగా దెబ్బతిన్న కేసుగా కనిపిస్తుంది. అలా అనుకోవడానికి బలమైన ఆధారాలూ ఉన్నాయి. లాసిలో భాగంగా 60 దాటిన 4,096 మందిని మతిమరుపు జబ్బు కోసం విడిగా లోతుగా పరీక్షించి వేసిన అంచనా ప్రకారం, దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉంది. దాదాపు 88 లక్షల మంది. పట్నాలకన్నా పల్లెల్లో ఎక్కువ, మగవాళ్లకన్నా ఆడవాళ్లలో ఎక్కువ. చదువు లేని, డెబ్భై దాటిన, పల్లెలో ఉన్న స్త్రీ అంటే అనుమానం రావడం సహజం.

మా అమ్మాయి ట్యాబ్‌లో రిమార్కుల గడి నింపిన తీరు ఈ కేసును నిలబెట్టింది. టీవీ శబ్దం ఉందని రాసింది. కోడలు వరుసగా జవాబులు అందించిందని రాసింది. అవ్వ ఎడమ చెవి తిప్పి వింటోందని, కుడివైపు నుంచి పిలిస్తే తిరగలేదని, మాటలు చదువుతున్నప్పుడు రెండుసార్లు "ఏందీ?" అందని రాసింది. ఆ గడిని చాలామంది ఖాళీగా వదిలేస్తారు. నా దృష్టిలో పట్టు ఎన్ని కిలోలు వచ్చిందన్న గడికి ఉన్న విలువే దీనికీ ఉంది.

మా పద్ధతిలో ఇలాంటి భేటీలకు మరో రోజు, మరో పదాల జాబితాతో మళ్లీ అడిగే వీలుంది. అమెరికా అధ్యయనంలో కూడా నాలుగు వేర్వేరు జాబితాలు మార్చి మార్చి వాడతారు. లేకపోతే పోయినసారి విన్న మాటలే మనిషికి గుర్తుండి, జ్ఞాపకశక్తి నిజంగా ఉన్నదానికన్నా బాగున్నట్టు కనిపిస్తుంది. ఈసారి పొద్దున వెళ్లారు, ఇద్దరు వెళ్లారు. ఒకరు లోపల కోడలితో కుటుంబ ఖర్చుల ప్రశ్నలు మొదలుపెట్టారు, అవి ఆమె మాత్రమే చెప్పగలిగినవి, చాలా సేపు పడతాయి. ముళబాగిలు అమ్మాయి అవ్వను అరుగు మీదికి తీసుకొచ్చి, ఎడమవైపు ఎదురుగా కూర్చుని, మెడలో వేసుకునే చిన్న సౌండ్ పెంచే పరికరం పెట్టి, వినిపిస్తోందా లేదా అని ముందు మామూలు మాటలతో చూసుకుంది. గొంతు పెంచి అరవకూడదని మా శిక్షణలో గట్టిగా చెబుతాం. అరిస్తే మాట స్పష్టత పోతుంది, పెద్దవాళ్లు తమను కసురుతున్నారనుకుని మూగబోతారు.

ఈసారి వెంటనే నాలుగు చెప్పింది, కాసేపాగి మూడు.

ఒకటి రెండు మాటల తేడా ఒకే మనిషిలో రోజును బట్టి కూడా వస్తుంది, కాబట్టి జ్ఞాపకశక్తి ఏమాత్రం తగ్గలేదని నేను అనను. మధ్యాహ్నం నాటి రెండుకు అసలు కారణం చెవి, శబ్దం, వేళ అని మాత్రం అంటాను. వినికిడి తగ్గడం ఇక్కడితో ఆగే విషయం కాదు. డిమెన్షియా మీద లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ 2017 నుంచి మార్చదగిన కారణాల్లో దాన్ని లెక్కిస్తూనే ఉంది. 2024 నివేదికలో అలాంటి కారణాలు 14 చూపించి, వాటన్నిటినీ తొలగించగలిగితే సుమారు 45 శాతం కేసులను ఆపడమో, ఆలస్యం చేయడమో వీలవుతుందని అంచనా వేసింది. వినికిడి లోపాన్ని మతిమరుపుగా రాసుకుంటే, పరికరంతో బాగయ్యే సమస్యను బాగుకానిదిగా లెక్కలోకి ఎక్కించినట్టవుతుంది.

ఒంటి కొలతల్లో మాత్రం అనుమానానికి తావు లేదు. పట్టు 15 కిలోలకు దిగింది. 4 మీటర్ల నడకకు ఏడు సెకన్లు దాటింది. స్నానానికి కోడలు చెయ్యి పట్టుకోవాలి. పడిందా అని అడిగితే అవ్వ దాచలేదు.

"పడినాను. బెంగళూరులో బాత్రూమ్‌లో. లేయలేకపోయినాను. దీపావళికి పండక్కి కూడా మంచం మీదనే ఉన్న్యా. మెట్లెక్కలేదు కదా, అందుకని చిన్నోని దగ్గరికి తెచ్చినారు. ఆ మాట పెద్దోనికి చెప్పొద్దు, బాధపడతాడు."

మొత్తం కేసు ఇక్కడ ఉంది. కొడుకు చెప్పిన "వంతు" అబద్ధం కాదు, ఆ ఇంట్లో వంతులు నిజంగానే ఉన్నాయి. ఈసారి వంతు తిరగడానికి కారణం మాత్రం పడటం. చిరునామా మారడమే ఆమె ఆరోగ్యంలో వచ్చిన మార్పు. మేం బెంగళూరు తలుపు దగ్గరే ఆగి "ఈ ఇంట్లో లేరు" అని రాసేసి ఉంటే, ఏ మనిషి నడక తగ్గిందో సరిగ్గా ఆ మనిషే మా జాబితాలో ఉండేది కాదు. మిగిలినవాళ్ల సగటు నడక వేగం కొంచెం బాగుపడినట్టు కనిపించేది. ఇలా జాబితాలోంచి జారిపోయినవాళ్లకు బదులుగా, వాళ్లలాంటి మిగిలినవాళ్లకు లెక్కలో ఎక్కువ బరువు ఇచ్చి సరిదిద్దే గణిత పద్ధతులు ఉన్నాయి. అవి మొదటి విడతలో తెలిసిన వివరాల మీద ఆధారపడతాయి. మొదటి విడతలో అవ్వ గట్టిగానే ఉంది. ఆమెలా ఉండి పడని ఆడవాళ్లే ఆమెకు ప్రతినిధులయ్యేవారు.

మనసు గురించిన ప్రశ్నలకు కోడలు పక్కనున్న రోజు అన్నిటికీ "లేదు, బాగుంది". అరుగు మీద ఒంటరితనం గురించి అడిగితే అవ్వ ఎక్కువసేపే మాట్లాడింది. పల్లెకొస్తే నలుగురితో కలిసి ఉంటారని మనం అనుకుంటాం. ఇక్కడ తోటకు, పొలానికి అందరూ పోతారు. తన ఈడువాళ్లు చాలామంది లేరు, ఉన్నవాళ్ల దాకా నడవలేదు. కేఆర్ పురంలో లిఫ్ట్ లేని ఇంట్లోంచి దిగి గుడిదాకా పోగలిగినన్ని రోజులు ఆమెకు మాట్లాడే మనుషులున్నారు. లాసి మొదటి విడతలో ప్రశ్నల ద్వారా తేలిన కుంగుబాటు 60 దాటినవాళ్లలో 8.3 శాతం. డాక్టరు కుంగుబాటు అని చెప్పినట్టు తామే తెలిపినవాళ్లు 0.8 శాతం. ఈ పది రెట్ల తేడా ఎక్కడ దాక్కుంటుందో ఆ రెండు రోజుల జవాబుల మధ్య నాకు కనిపించింది.

చేసినవి

బీపీ మూడుసార్లూ 140/90 కన్నా బాగా ఎక్కువ వచ్చింది. బెంగళూరులో రాసిన మాత్రలు అయిపోయాక మళ్లీ కొనలేదు, చీటీ పెద్దకొడుకు ఇంట్లో ఉండిపోయింది. మా నియమం ప్రకారం కొలతల చీటీ ఇచ్చి, శ్రీనివాసపుర తాలూకా ఆస్పత్రికి వెళ్లమని చెప్పాం. చెవి కూడా చూపించమన్నాం. అధ్యయనం చేసేవాళ్లు ఇలా జోక్యం చేసుకుంటే తర్వాతి విడతలో మనం కొలిచేది మన ప్రభావాన్నే అనే వాదన ఉంది. ఆ వాదన నాకు తెలుసు. ఎదురుగా కూర్చున్న మనిషి బీపీ చూసి సంఖ్య మాత్రం రాసుకుని లేచి రావడం నాకు సమ్మతం కాదు. చీటీ ఇచ్చినట్టు ఫైల్‌లో రాస్తాం, విశ్లేషణ చేసేవాళ్లు దాన్ని లెక్కలోకి తీసుకోవచ్చు.

పెద్దకొడుకుకు అవ్వ చెప్పిన మాట ఏదీ చెప్పలేదు. అతను మళ్లీ ఫోన్ చేసి "అమ్మ ఏమంది?" అని అడిగాడు. జవాబులు ఎవరితోనూ పంచుకోమని, తమ్ముడి దగ్గర ఇచ్చిన చీటీలో కొలతలు ఉన్నాయని, మందుల చీటీ మాత్రం వెంటనే పంపమని చెప్పాను. పంపాడు.

ఆ తర్వాత మా కాంటాక్ట్ షీట్ మారింది. "ఎక్కడికి వెళ్లారు" పక్కన "ఎందుకు వెళ్లారు", "వెళ్లేముందు ఒంట్లో ఏమైనా జరిగిందా" అన్న గడులు వచ్చాయి. వంతులున్న కుటుంబాల్లో ఏ నెలలో ఎవరి దగ్గర ఉంటారో, వంతు ఎప్పుడైనా ముందుగా తిరిగిందా అన్నది అడుగుతున్నాం. కూతుళ్ల నంబర్లు తప్పనిసరి చేశాం. మాటల పరీక్షకు ముందు వినికిడి చూడటం, ఆ సమయంలో గదిలో ఎవరున్నారో రాయడం కూడా తప్పనిసరి. ఇంట్లోవాళ్లు ఉండగా మనసు ప్రశ్నలు అడగాల్సి వస్తే వాటిని విడిగా గుర్తుపెట్టి ఉంచుతాం.

ఒక విషయం మాత్రం మా విశ్లేషణ బృందంతో ఇంకా తేలలేదు. అవ్వను పట్నం లెక్కలో వేయాలా, పల్లె లెక్కలోనా? మొదటి విడత ప్రకారం ఆమె బెంగళూరు మనిషి. కొలత జరిగింది పల్లెలో. ఒళ్లు కుదురుగా ఉన్నప్పుడు పట్నంలో ఉండి, తగ్గాక పల్లెకు వచ్చేవాళ్లు ఈ ప్రాంతంలో చాలామంది ఉంటే, పట్నానికీ పల్లెకూ మధ్య కనిపించే తేడాలో కొంత ఈ ప్రయాణం నుంచే వస్తుండొచ్చు. ఎంత అన్నది చెప్పాలంటే ఇలాంటి కదలికలు అన్ని కేసుల్లో తేదీలతో సహా ఉండాలి. ప్రస్తుతానికి రెండు గడులూ ఉంచాం, ఒకటి నమూనాలోకి తీసుకున్న చోటు, రెండోది ఈ విడతలో ఉన్న చోటు. మూడో విడతకు అవ్వ పేరు పక్కన మూడు నంబర్లున్నాయి, మొదటిది చింతామణి కూతురిది.